సరిహద్దు దారిలో నా రెండు కిలోమీటర్లు

పదకొండు నెలలు కృష్ణా జిల్లాను గీసిన తరువాత మొదటిసారి కృష్ణా జిల్లాను చూశాను.

నేను హైదరాబాదులో ఒక రోడ్ల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఇంజనీర్లు, సర్వేయర్లు కొలుచుకొస్తారు, నేను కుర్చీలోంచి లేవకుండా గీస్తాను. మాది అనంతపురం జిల్లా, కదిరి పక్కన చిన్న ఊరు. గీత వంకర పోకుండా గీస్తానని ఆఫీసులో నాకు కాస్త పేరుంది. ఆ పేరు నాకు కొంచెం తలకెక్కిందని కూడా ఆఫీసులో అందరికీ తెలుసు.

ఆ పదకొండు నెలలు నేను గీసింది ఒక పెద్ద దారి. బందరు రేవు దగ్గర మొదలై, గుడివాడ, బెజవాడ, మైలవరం, తిరువూరు దాటి, రాష్ట్రం ఎల్ల అవతల మధ్యప్రదేశ్ అడవుల దాకా పోతుంది. కొంత రైలు, కొంత రోడ్డు. అవతలి నుంచి కలప, బీడీ ఆకు రావాలి, ఇవతలి నుంచి బియ్యం, ఉప్పు, ఎండు చేపలు పోవాలి. ఇప్పుడూ వస్తున్నాయి, పోతున్నాయి. కాకపోతే రైలు గేట్ల దగ్గర పడిగాపులు పడి, ఇరుకు వంతెనల మీద డ్రైవర్లు ఒకరినొకరు తిట్టుకుని మరీ వస్తున్నాయి. ఎక్కడ రోడ్డు వెడల్పు చెయ్యాలో, ఎక్కడ లారీలోంచి సరుకు తిన్నగా వ్యాగన్‌లోకి దించుకునే షెడ్డు కట్టాలో అంతా ఆ పటంలో ఉంది.

అందులో నాకు ఇష్టమైన ముక్క ఒకటుంది. గుడివాడ దాటాక రైలు పట్టాలను వదిలిపెట్టి, ఈదులపర్రు అనే ఊరి పొలాలను అడ్డంగా కోసుకుంటూ రెండు కిలోమీటర్లు పోయే కొత్త రోడ్డు. స్కేలు ఆనించి ఒక్క ఊపులో గీశాను. ఇంటికొచ్చిన చుట్టాలకు కూడా చేతులతో గాలిలో గీసి చూపించేవాణ్ణి. మా ఆవిడ ఆ గీతకు పేరు కూడా పెట్టింది, నా రెండో సంబంధం అని.

"దసరా లోపల దీన్ని మంజూరుకు ఢిల్లీకి పంపాలి. ఒక వారం వెళ్ళి, పటం పట్టుకుని దారంతా చూసి, సరిపోయిందని సంతకం పెట్టి తీసుకురా. హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ ఖాళీకి నీ పేరు రాద్దామనుకుంటున్నాను" అన్నారు మా ఇంజనీరుగారు.

పటం గీసిన ట్రేసింగు గుడ్డను రేకు గొట్టంలో చుట్టుకుని, పెళ్ళికి వెళ్ళినట్టు కొత్త బూట్లు వేసుకుని, పోయిన ఆషాఢం చివర్లో బయల్దేరాను.

బెజవాడ

తెల్లారేసరికి రైలు దిగాను. నాకోసం జీపు తెచ్చిన డ్రైవరు సుబ్బారావుది బెజవాడ పక్కనే పటమట. మనిషి సన్నం, మాట లావు. నన్ను చూడగానే గొట్టం అందుకోబోయాడు. ఇవ్వలేదు.

"అందులో ఏవుందండీ, తుపాకీనా?" అన్నాడు.

స్టేషను బయట హోటల్లో ఇడ్లీ తిన్నాం. మా వైపు ఇడ్లీకి చట్నీ ఇస్తారు. ఇక్కడ చట్నీ ఇచ్చి, కారప్పొడి ఇచ్చి, అడక్కుండానే దాని మీద నెయ్యి పోశారు. ముప్పై పైసలు. ఆ నెయ్యి చూసి బిల్లు ఎంతవుతుందోనని లోపల లెక్క వేసుకున్న నేను రెండో ప్లేటు కూడా తిన్నాను.

పక్క బల్ల మీద ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. "మీకు నీళ్ళొచ్చినయ్యా?" "నిన్ననేనండీ. ఇంకా శివారుకి ఎక్కలేదు." గూడ్సు యార్డుకి వెళితే అక్కడి గుమాస్తా సుబ్బారావును అదే అడిగాడు. మా ఊళ్ళో ఇద్దరు కలిస్తే ఆకాశం వైపు చూసి వాన సంగతి మాట్లాడుకుంటారు. ఇక్కడెవరూ తలెత్తి చూడరు. కాలువ వైపు చూస్తారు.

"శివారంటే ఏమప్పా?" అని సుబ్బారావును అడిగాను.

అప్పా అనేసరికి నవ్వాడు. "కాలువ చిట్టచివరండీ. ఎండాకాలం కాలువలు కట్టేస్తారు కదా, మళ్ళీ వదిలాక పైనున్నోళ్ళందరూ తాగంగా మిగిల్తే శివారోళ్ళకి. మా అత్తారిది శివారే. నీళ్ళ వేళప్పుడు మా మావగారితో ఎవరూ మాట్లాడకూడదు."

యార్డులో లారీల మీది బీడీ ఆకును వ్యాగన్లలోకి మార్చడం చూశాను. నలభై మంది హమాలీలు, నెత్తిన మూట, నోట పాట, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా. నా పటంలో ఇది ఒక చిన్న దీర్ఘచతురస్రం. ఆ హమాలీల మేస్త్రికి నా షెడ్డు గురించి గొప్పగా చెప్పాను. అతను ఓపిగ్గా విని, "నీడ ఉంటుందాండీ దాంట్లో?" అని ఒక్క మాటే అడిగాడు. ఉంటుందన్నాను. "అయితే కట్టండి" అని అనుమతిచ్చాడు.

మైలవరం

మర్నాడు ఎల్ల వైపు వెళ్ళాం. ఎల్ల దాకా కాదు, ఆ భాగం చూసే పని ఇంకొక జట్టుది. మేం మైలవరం దాకా వెళ్ళాం. మా వైపులాగే ఎర్రనేల, రాళ్ళు, మామిడి తోటలు, దూరంగా గుట్టలు. ప్రాణం లేచొచ్చింది. బెజవాడ వచ్చిన దగ్గర్నుంచి మొదటిసారి ఎక్కడున్నానో నాకు అర్థమైంది.

టీ కొట్టు దగ్గర ఒక లారీ ఆగి ఉంది. ఆగి ఉందని కళ్ళకంటే ముందు ముక్కుకు తెలిసింది. ఎండు చేపలు. లారీ పక్కన పట్టా పరిచి, యాభై ఏళ్ళావిడ గోనె మూటలు ఒక్కొక్కటే విప్పి, చెయ్యి అడుగుదాకా పెట్టి తడిమి, వాసన చూసి, మళ్ళీ కడుతోంది. టీ తాగేవాళ్ళంతా ముక్కులు మూసుకుని తిడుతున్నారు. ఆవిడకేం పట్టలేదు.

పేరు నాగమ్మ. బందరు దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె. మొగుడూ కొడుకులూ చేపల వేటకు వెళతారు. ఈవిడ వాళ్ళ సరుకుతో నెలకు రెండుసార్లు ఎల్ల దాటి అడవిలో సంతలకు వెళ్ళొస్తుంది. నేను పదకొండు నెలలు గీసిన దారి మొత్తం ఆవిడకు లారీ ముందు సీటులోంచి కంఠతా వచ్చు. ఏ గేటు దగ్గర ఎంతసేపు పడుతుందో నా నోటుబుక్కులో కంటే నయంగా చెప్పింది.

"బయల్దేరేటప్పుడే చూసుకుని కట్టొచ్చు కదమ్మా?" అన్నాను.

"చూసే కడతాం బాబూ. అయినా ఏదో మూల ఒక పచ్చి చేప ఉండిపోద్ది. మర్నాటికి గానీ తెలవదు. తెలిసేసరికి పక్కోటి కూడా పోద్ది."

"మరి సంతలో విప్పి చూసుకోవచ్చుగా? ఇక్కడ ఇంతమంది చేత తిట్లు తినడం ఎందుకు?"

నాగమ్మ నన్ను కింది నుంచి పైకి చూసింది. "ఇక్కడిప్పితే తిట్లు నాకొక్కదానికే. ఎల్ల దాటాక ఇప్పితే సంతంతా కంపు. ఇక మా ఊరి సరుకే ఎవుడూ ముట్టుకోడు." అంటూనే ఒక మూటలోంచి మెత్తటి చేపలు నాలుగు తీసి రోడ్డవతలికి విసిరేసింది. కుక్కలు పండగ చేసుకున్నాయి.

వెళ్ళేటప్పుడు నాకు కాగితంలో చుట్టి నాలుగు ఎండు నెత్తళ్ళు ఇచ్చింది. డబ్బులు తీసుకోలేదు. సుబ్బారావు వాటిని జీపు వెనక కట్టాడు. అయినా మూడు రోజులు మేం ఎక్కడ ఆగినా పిల్లులు వచ్చేవి.

ఈదులపర్రు

మూడో రోజు పటమట మీదుగా డెల్టాలోకి దిగాం. దిగాం అనడమే సరి. నేల చదునుగా పరుచుకుని, రోడ్డు పక్కనే కాలువ, కాలువలో పడవ, పడవలో గడ్డిమేటు. నీళ్ళు నిండుగా, తొందర లేకుండా పోతున్నాయి. జీపు ఆపమని చెప్పి రెండు చోట్ల దిగి ఊరికే చూశాను. మా ఊళ్ళో ఇంత నీళ్ళు ఒకచోట చూస్తే జనం కొబ్బరికాయ కొడతారు. ఇక్కడ గేదెలు పడుకున్నాయి.

నాలుగో రోజు పొద్దున ఈదులపర్రు చేరాం. నా గీత మొదలయ్యే చోట జీపు ఆపి, గొట్టంలోంచి ట్రేసింగు తీసి, బానెట్ మీద పరిచాను. పటం ప్రకారం కిలోమీటరున్నర నడిస్తే ఒక బండ్ల బాట అడ్డం రావాలి. పటం చేత్తో పట్టుకుని గట్ల మీద పడుతూ లేస్తూ నడిచాం. కిలోమీటరున్నర దగ్గర బాట లేదు. కాలువ ఉంది. చిన్నదే, కానీ ఒడ్లు ఒరుసుకుంటూ పారుతోంది. అవతల చూపు ఆనినంత మేర ఆడవాళ్ళు వరుసలు కట్టి నాట్లు వేస్తున్నారు.

పటం తప్పు చోట పట్టుకున్నానేమో అని తిప్పి చూశాను. సరిగ్గానే ఉంది. అప్పుడు సర్వేయరు పుస్తకం గుర్తొచ్చింది.

ఈ ముక్క కొలిచింది మే నెలలో. కొలిచిన సర్వేయరు మా జిల్లావాడే. అతని పుస్తకంలో ఇక్కడ "పల్లం, చక్రాల జాడలు" అని మాత్రమే ఉంది. బాట అని అతను రాయలేదు. పల్లంలో చక్రాల జాడలుంటే అది బాట కాక ఇంకేమిటి అనుకుని, రెండు చుక్కల గీతలు గీసి "బండ్ల బాట" అని అందంగా రాసింది నేను. మా వైపు వంకలో నీళ్ళు ఏడాదికి నాలుగు రోజులు కూడా పారవు. మిగతా రోజులన్నీ వంకే మా బాట. బండ్లు దాంట్లోనే నడుస్తాయి, పెళ్ళివారూ దాంట్లోనే వస్తారు.

"ఎండాకాలం కాలువ కట్టేశాక జనం దీంట్లో ఒండ్రు తవ్వి బండ్ల మీద తోలుకుంటారండీ. ఆ జాడలు చూసుంటారు" అన్నాడు సుబ్బారావు, చాలా మెల్లగా.

నా గీత మామూలు రోడ్డు కాదు. మనిషెత్తు మట్టికట్ట. బాట ఉన్నచోట కట్టకు అటూ ఇటూ వాలు పెడితే చాలు. అదే కాలువైతే కింద నీళ్ళు పోవడానికి తూము కట్టాలి. నేను తూము చూపించలేదు. అంటే కాలువను పూడ్చి, దాని మీదుగా ఎల్ల అవతలికి లారీలు నడిపిద్దామని గీశానన్నమాట. అవతల నాట్లు వేస్తున్న పొలాలన్నీ శివారు పొలాలు. వాటికి ఇంకో దారిన నీళ్ళు రావు. నీళ్ళ విలువ తెలిసిన జిల్లాలో పుట్టి, నీళ్ళకు అడ్డంగా అంత తిన్నని గీత గీసింది నేనే.

ట్రేసింగు చుట్టేసి జీపెక్కి పారిపోదామనే అనుకున్నాను. ఇంతలో గట్టు మీద పంచె ఎగ్గట్టిన పెద్దమనిషి ఒకాయన చెయ్యి ఊపుతూ వస్తున్నాడు. వెంకటరత్నంగారు. ఆయనకు శివారులో ఆరెకరాలుంది. ఈ రోడ్డు కావాలని నాలుగేళ్ళుగా అర్జీలు పెడుతున్నది ఆయనేనట.

"వచ్చారాండీ! మీరొస్తన్నారని కబురందింది, పొద్దుట్నుంచి ఎదురు చూస్తన్నాను. రండి, భోంచేసి చూద్దురుగాని. రోడ్డెక్కడికీ పోదు."

ఇంటి ముందు నా కాళ్ళకే రెండు బిందెల నీళ్ళు పోశారు. మా ఇంట్లో చుట్టానికి చెంబుతో నీళ్ళిస్తే దాంతోనే కాళ్ళు, మొహం, మిగిలితే పూలచెట్టు. ఆ నీళ్ళు వాకిట్లోంచి జారిపోతుంటే చూడలేకపోయాను. ఆయన భార్య సీతారావమ్మగారు ముద్దపప్పు, ఆవకాయ, గోంగూర, బొమ్మిడాయిల పులుసు వడ్డించింది. "అన్నయ్యగారికి ఇంకొంచెం నెయ్యి" అంటూ వద్దన్నకొద్దీ పోసింది. నేను అన్నం కెలుకుతూ కూర్చున్నాను.

వెంకటరత్నంగారు మాత్రం రోడ్డు వచ్చేసినట్టే మాట్లాడుతున్నాడు. "మా బియ్యం అడవిలో సంతల దాకా పోతాయంటండీ. ఇప్పుడు గుడివాడ పోవాలంటేనే వానాకాలం ఎడ్లు కూలబడతన్నయ్యి. అవునూ, మా కాలువ మీద తూము కాస్త పెద్దదే వేశారుగా? పై ఊరోళ్ళకి కట్ట వేసినప్పుడు తూము చిన్నదేశారు. మూడేళ్ళు వాళ్ళ శివారు బీడుపడింది. ఇద్దరు ఊరొదిలి పోయారు."

గ్లాసెడు నీళ్ళు తాగి, "ఉందండీ" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ నాకు పూర్తిగా తెలియదు. హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ పోతుందని కొంత. అంత పులుసు వడ్డించిన మనుషుల ఎదుట తెలివితక్కువవాడినని చెప్పుకోలేక కొంత. సుబ్బారావు విస్తరిలోకి చూస్తూ తింటున్నాడు. ఆ రోజు అతను మళ్ళీ మాట్లాడలేదు. అంతకంటే పెద్ద తిట్టు నేను తినలేదు.

బందరు

ఐదో రోజు బందరు. నా పటానికి ఇది మొదలు, నా ప్రయాణానికి చివర. బజారులో బందరు లడ్డు తిన్నాను. నెయ్యి మోచేతి దాకా కారింది. రుచి మాత్రం నాలుక మీదే ఆగిపోయింది, లోపలికి వెళ్ళలేదు.

సాయంత్రం సముద్రం వైపు వెళ్ళాం. ఇసుకలో వలలు పరిచి చేపలు ఆరబెట్టారు. ఆడవాళ్ళు వంగి ఒక్కొక్క చేపనూ తిప్పుతున్నారు. ఎండ తగలని వైపు పైకి, తగిలిన వైపు కిందికి. ఒకావిడను నాగమ్మ తెలుసా అని అడిగాను. "మా మేనత్తే. సంతకెళ్ళింది" అంది తిప్పడం ఆపకుండా.

మైలవరం టీ కొట్టు గుర్తొచ్చింది. నా మూటలోనూ ఒక పచ్చి చేప ఉంది. అది ఎక్కడుందో నాకొక్కడికే తెలుసు. హైదరాబాదు వెళ్ళాక చెప్పకుండా సర్దెయ్యొచ్చు, తూము గుర్తు ఒకటి ఇరికించొచ్చు. కానీ ఆ కాలువ ఎంత వెడల్పో, ఎంత లోతో కొలవనేలేదు. కొలవని తూముకు ఏం కొలత రాస్తాను? పై ఊరికి చిన్న తూము వేసినవాడూ ఇలాగే సర్ది ఉంటాడు.

"సుబ్బారావుగారూ, రేపు పొద్దున ఈదులపర్రు వెళదాం" అన్నాను.

అతను జీపు తాళాలు గాల్లోకి ఎగరేసి పట్టుకున్నాడు. "రేపు దాకా ఎందుకండీ, ఇప్పుడైనా పోనిస్తాను" అన్నాడు. కానీ పొద్దునే వెళ్ళాం.

మళ్ళీ ఈదులపర్రు

వెంకటరత్నంగారు అరుగు మీదే ఉన్నాడు. కూర్చోమన్నా కూర్చోకుండా ట్రేసింగు పరిచి చూపించాను. నాలుగేళ్ళ అర్జీల దారిని ఆయన చూపుడు వేలితో నెమ్మదిగా తడుముకుంటూ వెళ్ళాడు.

"మా కాలువేదండీ?"

"లేదండీ. ఇదిగో, ఇక్కడ బండ్ల బాట అని ఉంది చూడండి. అది మీ కాలువే. రాసింది నేనే. నిన్నగాక మొన్న తూము ఉందని మీకు చెప్పింది అబద్ధం."

ఆయన పటం మీంచి వేలు తీసేశాడు. "నాలుగేళ్ళు తిరిగానండీ దీనికోసం" అన్నాడు. అంతే. లేచి లోపలికి వెళ్ళిపోయాడు. సీతారావమ్మగారు గుమ్మంలో నిలబడి నావైపు చూస్తోంది. ఈసారి అన్నయ్యగారూ అనలేదు. నిలబడ్డ చోటే నిలబడ్డాను.

తిరిగి వచ్చేటప్పటికి ఆయన చేతిలో పొడుగాటి వెదురు గడ ఉంది. పంచె మోకాళ్ళ పైకి కట్టుకున్నాడు. "బూట్లు ఇప్పండి. దిగి కొలుద్దాం" అన్నాడు.

విప్పమన్నాడు కానీ కంగారులో ఒకటే విప్పాను. రెండోది కాలువ మధ్య ఒండ్రులో ఉండిపోయింది. ఎంత తడిమినా దొరకలేదు. నడుం లోతు నీళ్ళలో నేను టేపు పట్టుకున్నాను, అవతలి కొస వెంకటరత్నంగారు పట్టుకున్నాడు, సుబ్బారావు ఒడ్డు మీద రాశాడు. మూడు చోట్ల కొలిచాం. నాట్లు వేసే ఆడవాళ్ళు పని ఆపి చూశారు. "కాలవని కొలుస్తన్నాడేంటే, కొనుక్కుంటాడా?" అంది ఒకామె. అందరూ నవ్వారు. వెంకటరత్నంగారు కూడా నవ్వాడు. నాకు ప్రాణం కుదుటపడింది.

అరుగు మీద కూర్చుని, బ్లేడుతో ఆ రెండు చుక్కల గీతలనూ, "బండ్ల బాట" అన్న అక్షరాలనూ గీకేశాను. అంత అందంగా రాసిన అక్షరాలు పొడిగా రాలిపోయాయి. వాటి చోట కాలువ గీసి, నా రెండు కిలోమీటర్ల గీత కింద తూము పెట్టి, కొలతలు వేశాను. వెంకటరత్నంగారు ఊపిరి బిగబట్టి చూశాడు.

"మా కాలువ ఇంత సన్నంగా ఉందేంటండీ?"

"పటంలో గోదావరి కూడా వేలెడే ఉంటుందండీ."

సీతారావమ్మగారు మజ్జిగ తెచ్చింది. "తీసుకోండి అన్నయ్యగారూ" అంది. రెండు గ్లాసులు తాగాను.

హైదరాబాదు

ఒంటి బూటుతో ఆఫీసుకు వెళ్ళలేదు కానీ, జరిగింది మొత్తం మా ఇంజనీరుగారికి చెప్పాను. బాట అని రాసింది ఎవరని అడిగారు. నేనేనండీ అన్నాను. కాసేపు పెన్సిలుతో బల్ల మీద కొట్టి, డెల్టా షీట్లన్నీ తెప్పించమన్నారు. మే నెలలో కొలిచినవన్నీ విడిగా తీసి చూస్తే ఇంకో మూడు బండ్ల బాటలు దొరికాయి. కాలువల్లో నీళ్ళుండగానే మళ్ళీ జట్టు వెళ్ళింది. మూడింటిలో రెండు కాలువలే. పటం దసరాకు ఢిల్లీ వెళ్ళలేదు, సంక్రాంతి దాటాక వెళ్ళింది. హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కుర్చీ మాత్రం కిటికీ పక్కకు మార్చారు. వెలుతురు బాగుంది.

మొన్న మే నెలలో వెంకటరత్నంగారి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. పంట బాగా వచ్చిందట. కొత్త బియ్యం పంపుతామంటే వద్దనవద్దని సీతారావమ్మగారు చెప్పమందట. రోడ్డు ఎప్పుడొస్తుందని అడిగాడు. నాకూ తెలియదు. ఢిల్లీ నుంచి ఇంకా కబురు లేదు.

అడుగున, చోటు చాలక అంచు వెంబడి చిన్న అక్షరాలతో ఇంకో సంగతి రాశాడు: "కాలువ కట్టేశారు. మళ్ళీ ఒండ్రు బండ్లు తిరుగుతున్నాయి. మీవాళ్ళు ఎవరైనా కొలతలకు వస్తారేమోనని కాలువ మధ్యలో బోర్డు పాతించాను. 'ఇది కాలువ. నీళ్ళు జూలైలో వచ్చును' అని రాయించాను. పాతడానికి తవ్వుతుంటే మీ బూటు దొరికింది. కడిగి అరుగు మీద పెట్టాం. వచ్చి తీసుకెళ్ళండి."